సముద్రం దాకా పోలేక కృష్ణ మీదికి పోయినాం

పోస్టు కొంచెం పొడుగే. సగం చదివి లైక్ కొట్టి పోవద్దు, చివర్లో మీతో ఒక పని ఉంది.

మేము తొమ్మిది మందిమి. నంద్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేవాళ్లు ఐదుగురు, ఆళ్లగడ్డ నుంచి నలుగురు. అందులో సుగాలీలు ఉన్నారు, చెంచులు ఉన్నారు, ఎరుకల తమ్ముడు ఒకడు ఉన్నాడు. మాలో బి.జెడ్.సి. చదివే చెల్లెలు ఒకామె ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. కొందరు పెద్ద బోటులో తీరం వదిలి సముద్రం లోపలికి గంటలు గంటలు పోయి, అక్కడ మాత్రమే కనపడే పక్షులను చూస్తున్నారు. షియర్‌వాటర్లు, పెట్రెల్‌లు, సూటీ టెర్న్‌లు. సూటీ టెర్న్ పిల్ల ఒకసారి ఎగిరిందంటే మళ్లీ గూడు పెట్టే వయసు వచ్చేదాకా ఏళ్ల తరబడి గాల్లోనే బతుకుతుందట. నిద్ర కూడా గాల్లోనేనట. అది విన్నప్పటి నుంచి మాకు ఒకటే పిచ్చి, మనమూ పోవాలని.

లెక్క వేసుకున్నాం. విశాఖకు రైలు, ఉండడానికి గది, బోటు బాడుగ. మనిషికి వచ్చిన లెక్క చూసి అందరం నోళ్లు మూసుకున్నాం. స్కాలర్‌షిప్ డబ్బులు పడి ఎన్ని నెలలైందో గ్రూపులో వేరే చెప్పాల్సిన పని లేదు.

అప్పుడు ఆళ్లగడ్డ తమ్ముడు అన్నాడు, "సముద్రమే కావాల్నా? మన కృష్ణ తక్కువా? సంగమేశ్వరం కాడ నిలబడితే అవతలి గట్టు కనపడీ కనపడనట్టుంటాది."

అందరం నవ్వినాం. కానీ జువాలజీ సార్‌ను అడిగితే ఆయన నవ్వలేదు. టెర్న్‌లు, సీగల్స్ ఒకే కుటుంబం, అవి సముద్రం మీదనే కాదు, పెద్ద నదుల మీద, జలాశయాల మీద కూడా ఉంటాయని చెప్పినాడు. తన బైనాక్యులర్ మెడలోంచి తీసి ఇచ్చినాడు. "పడితే నాకు చెప్పొద్దు, కొనిచ్చేయండి" అన్నాడు. అట్ల మొదలైంది మా ప్రయాణం.

శివరాత్రి అయిపోయిన తర్వాతి ఆదివారం పెట్టుకున్నాం. ఆళ్లగడ్డ వాళ్లు ముందురోజు రాత్రే నంద్యాల వచ్చి హాస్టల్లో మా పక్కన ఇరుక్కుని పడుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి ఒక టాటా మ్యాజిక్ మాట్లాడుకుని బయలుదేరినాం. వెలుగోడు, ఆత్మకూరు దాటి కొత్తపల్లి మీదుగా సంగమేశ్వరం. వెలుగోడు దగ్గర రిజర్వాయరు కట్ట చీకట్లో నల్లగా కనపడింది. ఆ నీళ్లూ కృష్ణ నీళ్లే. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర తీసుకుని, వెలుగోడులో నింపి, అక్కడి నుంచి తెలుగుగంగ కాలువలో ఆళ్లగడ్డ పొలాల మీదుగా కడప వైపు పోతాయి. అట్లే చెన్నై దాకా. మా ఆళ్లగడ్డ వాళ్ల అమ్మలు నాట్లు వేసే మళ్లలో పారేది ఈ నీళ్లే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

పడవ సంగతి చెప్పాలి. ఒడ్డున మొదట దొరికినాయన తొమ్మిది మందినీ ఒకేసారి ఎక్కించుకుంటానన్నాడు. లైఫ్ జాకెట్లు ఉన్నాయా అంటే "ఏం కాదులే అప్పా, రోజూ తిప్పుతుంటా" అన్నాడు. మాలో ఈత వచ్చింది ముగ్గురికే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది గుర్తుందా? ఆరోజు నాటు పడవలేసుకుని పోయి దొరికినవాళ్లను దొరికినట్టు బయటికి లాగింది ఆ ఒడ్డున ఉన్న మన గిరిజనులే. మన వాళ్లు అంతమందిని కాపాడిన చోట మనం జాకెట్టు లేకుండా ఎక్కితే ఏం మర్యాద? వద్దన్నాం. మేము ముందే ఆళ్లగడ్డ పంక్చర్ షాపులో నాలుగు లారీ ట్యూబులు బాడుగకు తెచ్చుకున్నాం. అవి చూసి ఒడ్డున ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వినారు. నవ్వనీ.

ఆ నవ్వినవాళ్లలో నవ్వనాయన ఒకాయన ఉన్నాడు. చేపలు పట్టే ఆయన. "ట్యూబులు తెచ్చినారంటే బుద్ధున్న పిల్లలే. రెండు దఫాలుగా తీసుకెల్తాను రండి" అన్నాడు. మాట వింటూనే తెలిసింది, ఆయన మన వైపు మనిషి కాదు. ఊరు అడిగితే విశాఖ అవతల సముద్రం ఒడ్డు అన్నాడు. వాళ్ల నాయన కాలంలోనే ఇటు వచ్చినారట. శ్రీశైలం జలాశయం చుట్టూ అట్లా తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకారుల కుటుంబాలు చాలా ఉన్నాయి. మేము సముద్రం దగ్గరికి పోలేకపోతే, సముద్రం మనిషే మాకు ఇక్కడ దొరికినాడు.

మొదటి దఫాలో ఐదుగురం ఎక్కినాం. సంగమేశ్వరం గుడి అప్పుడప్పుడే బయటపడుతోంది. తెలియని వాళ్లకు చెప్తాం. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు నిండినప్పుడు గుడి మొత్తం మునిగిపోతుంది. వేసవి వైపు మట్టం తగ్గేకొద్దీ మొదట గోపురం, తర్వాత గోడలు, తర్వాత లోపల వేపమొద్దు లింగం బయటికి వస్తాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు దేవుడు నీళ్లలోనే. మేము పోయినప్పుడు గోపురం కొస మీద నీటికాకులు వరుసగా కూచుని రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

నీటికాకి మనకు తెలిసిన పిట్టే. గట్టున తీతువు పిట్ట అరుస్తోంది, అదీ తెలుసు. మునిగిన చెట్టు మోడు మీద లకుముకి, అదీ తెలుసు. పడవ లోతుకు పోయేకొద్దీ తెలిసిన పిట్టలు వెనకబడినాయి. నీళ్ల రంగు మారింది. అప్పుడు కనపడినాయి.

తెల్లగా, సన్నగా, తోక రెండుగా చీలి, నెత్తిన నల్ల టోపీ పెట్టుకున్నట్టు. ముక్కు పసుపు. గాల్లో ఒక్కచోట రెక్కలాడిస్తూ నిలబడి, తల కిందికి దించి చూసి, రాయి వేసినట్టు దబ్బున నీళ్లలో పడి లేస్తున్నాయి. లేచినప్పుడు నోట్లో వెండి ముక్కలాగ చేప. చెల్లెలు పుస్తకం తీసి చూసి చెప్పింది, రివర్ టెర్న్. నది టెర్న్ అనుకుందాం. సముద్రపు పక్షుల కుటుంబంలో పుట్టి నదిలో బతుకు వెతుక్కున్న పిట్ట ఇది. ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న పక్షుల రెడ్ లిస్టులో ఉంది.

పడవాయన ఇంజను ఆపినాడు. "బాబూ, సముద్రంలో మా తాతలకి యంత్రాలేటీ లేవు. పిట్టలే దారి. ఎక్కడ పిట్టలు గుంపుగా పడతన్నాయో అక్కడ సేపలు పైకొచ్చినట్టు. వలేసేయడమే. ఇక్కడా అంతే" అన్నాడు.

మేము వీడియోలో చూసిన బోటులో ఉన్నవాళ్లకు పక్షి కనపడితే ఫోటో. ఈయనకు పక్షి కనపడితే ఆ పూట కూడు. రెండు చూపులూ ఒకే పిట్ట మీద.

మాలో ఒకడు ఉండబట్టలేక అడిగినాడు, "అన్నా, అలివి వలలు వేస్తారంట కదా ఇక్కడ?" అలివి వల అంటే దోమతెర అంత సన్నని కన్నుల వల. అందులో చేపపిల్ల కూడా తప్పించుకోదు. దాని మీద నిషేధం ఉంది, దాని మీద ఇక్కడి వాళ్లకూ బయటి నుంచి వచ్చినవాళ్లకూ గొడవలూ ఉన్నాయి. ఆయన కాసేపు మాట్లాడలేదు. "నేనెయ్యను. వేసేవోళ్లున్నారు. పిల్లని పట్టేస్తే రేపు మనకేటుంటాది, ఆ పిట్టకేటుంటాది" అన్నాడు. ఆయన చెప్పింది నిజమా అబద్ధమా మాకు తెలియదు. కానీ టెర్న్ నోట్లో చూసిన చేప వేలెడంత కూడా లేదు. అలివి వలలో పోయేదీ ఆ సైజు చేపే.

ఇంకొంచెం లోపల నీళ్ల మీద తేలుతూ పద్నాలుగు సీగల్స్ కనపడినాయి. గోధుమతల సీగల్స్. చలికాలంలో వాటి తల తెల్లగా ఉండి కంటి వెనక ఒక నల్లమచ్చ మాత్రమే ఉంటుంది. ఎండలు ముదిరి పోయే కాలం వచ్చేసరికి తలంతా గోధుమరంగు ఎక్కుతుంది. పద్నాలుగింట్లో ఆరింటికి అప్పటికే రంగు ఎక్కింది. అంటే ప్రయాణం దగ్గర పడింది. అవి గుడ్లు పెట్టేది లడఖ్, టిబెట్ వైపు ఎత్తైన సరస్సుల దగ్గర. చలికాలానికి మన తీరాలకు దిగుతాయి, కొన్ని ఇట్లా లోపలి జలాశయాలకూ వస్తాయి. పడవాయన వాటిని చూసి మొదటిసారి నవ్వినాడు. "ఇవి మా ఒడ్డు పిట్టలే. మాలాగే ఇటొచ్చీసినాయి."

సముద్రం మాకు రెండు వందల కిలోమీటర్లకు పైనే దూరం. అయినా ఆ క్షణంలో మేము దాని మీద ఉన్నట్టే అనిపించింది. ఇంతవరకూ సంతోషమే.

ఇప్పుడు మేము చేసిన తప్పు చెప్తాం. రెండో దఫాలో అందరం కలిసి చూద్దామని నీళ్ల మధ్యలో బయటపడిన ఒక దిబ్బ దగ్గర పడవ ఆపమన్నాం. మొదటి దఫా వాళ్లను అక్కడ దించి, ఆయన ఒడ్డుకు పోయి మిగతా నలుగురిని తెస్తాడు. దిబ్బ ఇసుక, గులకరాళ్లు, ఎండిన నాచు. గ్రూపు ఫోటో తీసుకోవాలని ముందే అనుకున్నాం. దిగినాం.

దిగిన వెంటనే నెత్తి మీద గోల మొదలైంది. ముప్పై నలభై టెర్న్‌లు ఒక్కసారిగా లేచి మా మీదికి దూకుతున్నాయి. ఒకటి ఆళ్లగడ్డ తమ్ముడి టోపీని తన్నుకుంటూ పోయింది. వాడు నవ్వుతూ వీడియో తీస్తున్నాడు. అప్పుడు బైర్లూటి వైపు గూడెం నుంచి వచ్చిన చెంచు చెల్లెలు గట్టిగా అరిచింది, "కదలొద్దు! ఎవరూ అడుగు తీయొద్దు!"

ఆ పిల్ల మామూలుగా గట్టిగా మాట్లాడదు. అందరం బిగుసుకుపోయినాం. తను మెల్లగా కూచుని వేలు చూపించింది. తమ్ముడి కుడికాలికి జానెడు దూరంలో ఇసుకలో చిన్న గుంత. అందులో మూడు గుడ్లు. ఇసుక రంగు, మచ్చలు మచ్చలు. చూపిస్తే తప్ప కనపడవు. కళ్లు అలవాటు పడినాక చూస్తే అటు ఒక గుంత, ఇటు ఒక గుంత. మేము నడిచొచ్చిన దారిలో వెనక్కి చూసుకోవడానికి భయమేసింది. అదృష్టం, ఒక్కటీ పగల్లేదు.

"గుడ్లున్నాయని నీకెట్ల తెలిసె?" అంటే, "అట్ల మీద పడి తిడుతుంటే ఇంట్లో పిల్లలు ఉన్నట్టే కదా అన్నా" అంది. మా చేతిలో పుస్తకం, బైనాక్యులర్, ఫోన్‌లో యాప్ ఉన్నాయి. ఆ మాట వాటిలో ఏదీ మాకు చెప్పలేదు.

వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి నీళ్లలో మోకాళ్ల దాకా దిగి నిలబడినాం. ఎండ మంటగా ఉంది. గుడ్లకు వెచ్చదనం కాదు, ఆ ఎండలో నీడే కావాలి. తల్లి లేచి ఎక్కువసేపు దూరంగా ఉంటే గుడ్డులోనే పిల్ల ఉడికిపోతుంది. పడవాయన ఇంకా రాలేదు. మేము నీళ్లలో నిలబడిన కొద్దిసేపూ ఎవరూ మాట్లాడలేదు. ఆయన రాగానే ఎక్కి దూరం పోయి ఇంజను ఆపి చూసినాం. ఒక టెర్న్ వచ్చి నీళ్లకు ఆనుకుని ఎగురుతూ పొట్ట తడుపుకుంది. ఒకసారి, రెండుసార్లు. ఆ తడిపొట్టతో పోయి గుడ్ల మీద కూచుంది. గుడ్లకు చల్లదనం కోసం. మా ఎరుకల తమ్ముడు మెల్లగా అన్నాడు, "మా అమ్మ ఎండాకాలం తడి తువ్వాలు కప్పేది, జ్వరమొస్తే."

ఆ తర్వాత ఇంకొకడు చెప్పినాడు. చిన్నప్పుడు గొర్రెలు కాస్తూ ఇట్లాంటి దిబ్బల మీద గుడ్లు ఏరుకుని, ఇంటికి తెచ్చి అట్టు పోసుకునేవాళ్లట. ఎవరూ వాణ్ని ఏమీ అనలేదు. మేమెవరం అనడానికి? ఆకలికి ఏరినవాడు వాడు. ఫోటో కోసం తొక్కబోయింది మేము.

తిరిగి వచ్చేటప్పుడు సుగాలీ తమ్ముడు ఒకడు పడవాయన్ను ఒక మూల చూపించి అటు పోనిమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. అక్కడికి పోయినాక నీళ్లలో మోళ్లు తప్ప ఏమీ లేదు. వాడు చెప్పినాడు, "మా తాతోళ్ల ఊరు ఈడనే ఎక్కడో ఉండేదంట."

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1981 వేసవిలో ఊళ్లు ఖాళీ చేయించినారు. కృష్ణకు రెండు పక్కలా వంద ఊళ్ల దాకా మునిగినాయి. గుళ్లను కాపాడుకున్నారు, మంచిదే. కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి కట్టినారు. రూపాల సంగమేశ్వరాన్ని కర్నూలు జగన్నాథగట్టు మీద నిలబెట్టినారు. మనుషుల సంగతి అంత జాగ్రత్తగా జరగలేదు. నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని జీవో 98 వచ్చింది 1986లో. దాని కోసం తిరిగి తిరిగి ముసలోళ్లయిపోయినవాళ్లు మీ ఊళ్లలోనూ ఉంటారు, అడగండి.

ఇప్పుడు తెలుగుగంగ గుర్తు చేసుకోండి. ఆ ఊళ్లు మునిగితేనే ఆళ్లగడ్డలో మడి పారింది. మా ఆళ్లగడ్డ వాళ్లు ఆ మాట మొదటిసారి అప్పుడే పట్టించుకున్నారు, అదీ మునిగిన ఊరి మనవడి పక్కన కూచుని. వాడు కోపంగా ఏమీ అనలేదు. "మీ అమ్మ నాట్లకు పోవద్దంటామా ఏంది" అన్నాడు అంతే.

ఇంకో చిక్కు ఉంది. నీళ్లు వెనక్కి పోయినాక బయటపడిన భూమిలో చాలామంది సాగు చేస్తారు. అందులో ఆ భూమి పోగొట్టుకున్న కుటుంబాలవాళ్లే ఉన్నారు. టెర్న్‌లు గుడ్లు పెట్టేదీ అప్పుడే, బయటపడిన నేల మీదనే. మట్టం ఇంకా తగ్గితే దిబ్బ గట్టుకు కలిసిపోతుంది, కుక్కలు వస్తాయి, పశువులు వస్తాయి, నాగలి వస్తుంది. నిర్వాసితుణ్ని పట్టుకుని "నువ్వు దిగొద్దు, పక్షులున్నాయి" అని ఎట్ల చెప్తాం? అట్లని గుడ్లను వదిలేద్దామా? మేము దారి పొడుగునా దీని మీదనే కొట్లాడుకున్నాం. తేలలేదు.

కానీ ఒకటి తెలుసుకున్నాం. కర్ణాటకలో భద్రా జలాశయంలో ఇట్లాంటి దిబ్బల మీదనే ఈ నది టెర్న్‌లు వేల సంఖ్యలో గుడ్లు పెడతాయి. జనం పడవలో పోయి దూరం నుంచి చూస్తారు. అక్కడ ఒక లాడ్జికి ఆ పిట్ట పేరే పెట్టినారు. ఆ భద్ర తుంగతో కలిసి తుంగభద్రై వచ్చి మన కృష్ణలో కలుస్తుంది. అదే నీళ్లు, అదే పిట్ట. అక్కడ దాని వల్ల కొందరికి పని దొరికింది. ఇక్కడ దాని పేరు కూడా మనకు తెలియదు.

మన జిల్లాలోనే రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టినారు. మా తొమ్మిది మందిలో ఒక్కరూ అక్కడ బట్టమేకను చూడలేదు. దేశం మొత్తం మీద రెండు వందలు కూడా లేవంటున్నారు. మన పెద్దోళ్లు మాత్రం అది మేకంత ఉంటుందని, పరిగెత్తి ఎగురుతుందని చెప్తారు. టెర్న్‌ల గురించి రేపు మన పిల్లలకు మనం అట్లా కథ చెప్పే గతి రాకూడదు.

ఒడ్డుకు వచ్చినాక సుగాలీ తమ్ముడు వాళ్ల జేజికి ఫోన్ చేసినాడు. "జేజీ, మన ఊరి కాడికి పోయినా" అన్నాడు. స్పీకర్ పెట్టినాడు, అందరం విన్నాం. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "బాయి కనపడిందా?" వాడు లేదన్నాడు. "ఇంకా నీళ్లు తగ్గాలలే. ఉగాది పోయినాక పో" అంది.

అందుకే ఉగాది తర్వాత మళ్లీ పోతున్నాం. మీతో పని అన్నది ఇదే.

ఒకటి, ఈసారి దిబ్బల మీద ఎవరూ దిగరు. ఫిబ్రవరి నుంచి మే దాకా అసలు దిగకూడదు. పడవలోంచే చూస్తాం. పక్షి లేచి మన మీద అరిచిందంటే మనం ఎక్కువ దగ్గరికి పోయినట్టు, వెనక్కి తిప్పడమే. రెండు, గట్టు మీద సాగు చేసుకునేవాళ్లతో కూచుని మాట్లాడతాం. చెప్పడానికి కాదు, ముందు అడగడానికి. ఏ దిబ్బ మీద ఎప్పుడు గుడ్లు చూస్తారో, ఏ దిబ్బ వాళ్లకు అవసరం లేదో. ఒక్క దిబ్బ రెండు నెలలు వదిలినా చాలు. మూడు, మీ గూడేల్లో, తండాల్లో పెద్దోళ్లను అడిగి ఈ పిట్టను ఏమంటారో రాసి పంపండి. పడవాయన "తెల్లపిట్ట" అన్నాడు, ఒడ్డున ఇంకొకాయన "చేపల పిట్ట" అన్నాడు. మన మాటల్లో దానికి పేరు ఉండే ఉంటుంది.

వచ్చేవాళ్లు కింద పేరు పెట్టండి. మనిషికి మూడు వందల యాభై అవుతుంది, డబ్బు లేనివాళ్లు లేదని చెప్పండి, సర్దుకుందాం. ట్యూబులు మేము తెస్తాం. బైనాక్యులర్ సార్‌కు భద్రంగా ఇచ్చేసినాం, మళ్లీ అడగాలి.